ఇంగ్లాండ్ పల్లెల్లో నడుస్తూ చరిత్ర చూడటం ఎలా: ఏవ్‌బరీతో మొదలుపెట్టేవాళ్లకి పూర్తి గైడ్

యూకేకి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు చాలామంది లండన్ తిరిగేసి, ఎడిన్‌బరా వెళ్లొచ్చి, కోచ్ ఎక్కి స్టోన్‌హెంజ్ ముందు ఒక ఫోటో దిగి ఇంక అంతా చూసేశాం అనుకుంటారు. కానీ ఈ దేశంలో అసలైన పాత చరిత్ర అంతా పొలాల మధ్య పడుంది, బార్లీ చేలకి అవతల, గొర్రెలు మేసే గుట్టల మీద, మనం పేరు కూడా వినని చిన్న చిన్న ఊళ్ల చర్చిల్లో. అక్కడికి వెళ్లడం చాలామంది అనుకున్నంత కష్టమూ కాదు ఖర్చూ కాదు, కాకపోతే ఎలా వెళ్లాలి, ఎక్కడ నడవచ్చు ఎక్కడ నడవకూడదు, మ్యాప్ ఎలా చూడాలి అనేది ఎవరూ చెప్పరు, అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నా.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తా. పాత కట్టడం ఏదైనా కార్ పార్క్ నుంచి నేరుగా వెళ్లి చూస్తే మనకి రాళ్లే కనిపిస్తాయి. అదే రెండు మైళ్లు నడిచి, ఏ గుట్ట మీంచి ఏది కనిపిస్తోందో చూసుకుంటూ చేరుకుంటే, అసలు దాన్ని అక్కడే ఎందుకు కట్టారో అర్థమవుతుంది. కాబట్టి ఈ గైడ్‌లో లిస్టు కన్నా నడక మీదే ఎక్కువ చెప్తా, ఉదాహరణకి ఒక్క చోటు తీసుకుంటా, విల్ట్‌షైర్‌లో ఏవ్‌బరీ. అది ఒక్కటి సరిగ్గా చేయగలిగితే మిగతా ఇంగ్లాండ్ అంతా ఇదే పద్ధతి.

ఏవ్‌బరీ ఎందుకంటే

స్టోన్‌హెంజ్‌కి టికెట్ ఉంది, మామూలు టైమ్‌లో వెళ్తే రాళ్ల దగ్గరికి వెళ్లనివ్వరు, దూరంగా చుట్టూ తిరిగి రావాలి. అక్కడికి ఉత్తరాన ఉన్న ఏవ్‌బరీకి టికెట్టే లేదు, రాళ్లని చేత్తో తాకొచ్చు, ఆనుకుని కూర్చోవచ్చు. ప్రపంచంలో రాతియుగం నాటి రాతి వలయాల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది, క్రీస్తుపూర్వం 2850 నుంచి 2200 మధ్య దశలు దశలుగా కట్టారని పురాతత్వ శాస్త్రవేత్తల లెక్క. ఎంత పెద్దదంటే దాని లోపల సగం ఊరే ఉంది, ఇళ్లు, రెడ్ లయన్ అనే పబ్బు, మధ్యలోంచి మెయిన్ రోడ్డు. స్టోన్‌హెంజ్, ఏవ్‌బరీ, చుట్టుపక్కల కట్టడాలు అన్నీ కలిపి 1986లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి.

మన నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్లు చూసినవాళ్లకి ఇక్కడికి రాగానే ఏదో తెలిసిన చోటికే వచ్చినట్టు ఉంటుంది. ఆ ముడుమాల్ కూడా 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. ఇంకో పోలిక కూడా ఉంది, మన పల్లెల్లో ఆ కాలపు రాతి సమాధుల్ని రాకాసి గుళ్లు, పాండవ గుళ్లు అంటారు కదా, ఇక్కడివాళ్లు కూడా అంతే, ఏవ్‌బరీలో ఒక రాయికి సైతాను కుర్చీ అని పేరు, పక్కన ఒక పాత సమాధికి సైతాను గుహ అని పేరు. ఎవరు కట్టారో మర్చిపోయాక రెండు చోట్లా జనం ఒకేలా ఆలోచించారు.

ఏ నెలలో వెళ్లాలి

ఏప్రిల్ చివరి నుంచి అక్టోబర్ మొదటి వారం వరకు మంచిది. జూన్‌లో అయితే రాత్రి 9 దాటాక కూడా వెలుతురు ఉంటుంది కాబట్టి టైమ్ గురించి టెన్షన్ ఉండదు. డిసెంబర్‌లో సాయంత్రం 4 గంటలకే చీకటి, అప్పుడు వెళ్తే పొద్దున్నే బయల్దేరి 3 కల్లా ఊళ్లోకి వచ్చేసేలా చూస్కోండి. చలికాలంలో ఇంకో సమస్య బురద. ఈ ప్రాంతమంతా సుద్ద నేల, తడిస్తే సబ్బులా జారుతుంది. వాతావరణం కోసం ముందురోజు రాత్రి మెట్ ఆఫీస్ యాప్‌లో గంటగంటకీ ఫోర్‌కాస్ట్ చూడండి, వాన ఉందా లేదా అన్నదే కాదు గాలి ఎంత ఉందో కూడా చూడండి, ఎందుకంటే ఈ గుట్టల మీద చెట్లు తక్కువ, చాటు దొరకదు.

జూన్ 20, 21 తేదీల్లో, అంటే పగలు బాగా ఎక్కువ ఉండే రోజుల్లో, ఏవ్‌బరీకి పండగ చేసుకునేవాళ్లు చాలామంది వస్తారు. ఆ సందడి కావాలంటే సరే, లేకపోతే ఆ వారం వదిలేయండి.

వెళ్లే దారి

కారు ఉంటే ఊరి దక్షిణం వైపు నేషనల్ ట్రస్ట్ కార్ పార్క్ ఉంది, రోజుకి ఫీజు కట్టాలి, నేషనల్ ట్రస్ట్ లేదా ఇంగ్లిష్ హెరిటేజ్ (రెండూ పాత కట్టడాలు చూసుకునే సంస్థలు) మెంబర్లకి ఫ్రీ. కారు లేకపోయినా ఇబ్బంది లేదు. లండన్ ప్యాడింగ్టన్ నుంచి స్విండన్‌కి ట్రైన్‌లో ఇంచుమించు గంట, స్విండన్ నుంచి 49 నంబర్ బస్సు ఏవ్‌బరీ మీదుగా డివైజెస్ వైపు పోతుంది, ఊరి మధ్యలోనే దిగొచ్చు. 2025 జనవరి నుంచి ఇంగ్లాండ్‌లో చాలా లోకల్ బస్సులకి ఒక వైపు టికెట్ 3 పౌండ్లు దాటకుండా గవర్నమెంట్ పరిమితి పెట్టింది కాబట్టి బస్సు చవకే, అసలు ఖర్చంతా ట్రైన్‌ది. స్టూడెంట్లయితే 16-25 రైల్‌కార్డ్ తీసుకోండి, మూడో వంతు తగ్గుతుంది. 25 దాటినా ఫుల్‌టైమ్ చదువుతున్నవాళ్లకి మెచ్యూర్ స్టూడెంట్ కింద ఇస్తారు, మాస్టర్స్‌కి వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలీదు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, వెళ్లే బస్సు కన్నా తిరిగొచ్చే ఆఖరి బస్సు టైమ్ ముఖ్యం. ముందు అది చూసి, దాని ముందు బస్సుకి ప్లాన్ చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటే నడక ఎన్నింటికి మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఆదివారాలు, బ్యాంక్ హాలిడేలకి టైమ్‌టేబుల్ వేరే ఉంటుంది.

మ్యాప్ చదవడం, ఇదే అసలు విద్య

గూగుల్ మ్యాప్స్ సిటీలో బానే ఉంటుంది గానీ పొలాల్లో పనికిరాదు, సగం ఫుట్‌పాత్‌లు అందులో ఉండవు, ఉన్నా ఏది పబ్లిక్‌దో ఏది ప్రైవేట్‌దో చెప్పదు. ఇక్కడ అందరూ వాడేది ఆర్డ్నెన్స్ సర్వే మ్యాప్, ముద్దుగా ఓఎస్ మ్యాప్ అంటారు. 1791లో సైన్యం కోసం మొదలైన సంస్థ అది. అందులో రెండు రకాలు. ఆరెంజ్ అట్ట ఉన్నది ఎక్స్‌ప్లోరర్, స్కేల్ 1:25,000, అంటే మ్యాప్ మీద 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటర్. గులాబీ అట్టది ల్యాండ్‌రేంజర్, 1:50,000, అది సైకిల్ వాళ్లకి, ఏరియా మొత్తం ఒకసారి చూసుకోడానికి. నడకకి ఎక్స్‌ప్లోరరే కొనండి. ఏవ్‌బరీకి కావాల్సింది ఎక్స్‌ప్లోరర్ 157. పేపర్ మ్యాప్ కొంటే ఫోన్‌లోకి దించుకోడానికి కోడ్ కూడా లోపలే ఉంటుంది, సిగ్నల్ లేకపోయినా పనిచేసేలా ఇంట్లోనే డౌన్‌లోడ్ చేస్కోండి. చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఈ మ్యాపులు ఉంటాయి, కొనక్కర్లేకుండా తెచ్చుకోవచ్చు.

మ్యాప్ విప్పాక నాలుగు సంగతులు పట్టుకుంటే చాలు. ఒకటి, ఆకుపచ్చ గీతలు. ఎక్స్‌ప్లోరర్‌లో చిన్న ఆకుపచ్చ డ్యాష్‌లు ఫుట్‌పాత్, పొడుగు డ్యాష్‌లు బ్రైడిల్‌వే, అంటే గుర్రాలు కూడా పోయే దారి. నల్ల డ్యాష్‌లు ఒక్కటే ఉంటే అక్కడ కాలిబాట నేల మీద ఉందని మాత్రమే అర్థం, మనకి హక్కు ఉందని కాదు, ఈ తేడా మర్చిపోవద్దు. రెండు, కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు. ఇవి దగ్గరదగ్గరగా ఉంటే ఎత్తు ఎక్కాలి, దూరంగా ఉంటే చదును. మూడు, పొలం గట్ల గీతలు, సన్నగా నల్లగా ఉంటాయి, దారి గట్టుకి ఏ పక్కన పోతోందో వీటిని బట్టే తెలుస్తుంది, పొలాల్లో దారి తప్పేవాళ్లు ఎక్కువగా గట్టుకి తప్పు పక్కన నడిచేవాళ్లే. నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, అక్షరాలు. పాతకాలపు కట్టడాల పేర్లు పాత బైబిళ్లలో ఉండే లాంటి వంపుల గోథిక్ అక్షరాల్లో వేస్తారు, రోమన్ల కాలానివైతే మాత్రం వేరే రకం పెద్దక్షరాలు. ఈ 157 షీట్ టేబుల్ మీద పరిచి ఆ గోథిక్ అక్షరాలు ఒక్కొక్కటే వేలు పెట్టి వెతుకుతూ పోండి, సమాధి దిబ్బలు, కోట గట్లు, పాత పొలాల ఆనవాళ్లు, గైడ్ బుక్కుల్లో లేనివి ఎన్నో బయటపడతాయి, వీటిని కలుపుతూ ఆకుపచ్చ గీతలు ఎక్కడున్నాయో చూస్తే మీ రూట్ మీరే గీసుకోవచ్చు.

టైమ్ లెక్కకి నైస్మిత్ రూల్ వాడండి, 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్‌లో కొండలెక్కే ఆయన చెప్పింది, 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట కలుపుకోవాలి. అది ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. ఆగి చూసుకుంటూ, ఫోటోలు తీసుకుంటూ, తింటూ వెళ్లే మనకి దాన్ని రెట్టింపు చేస్తే సరిపోతుంది.

ఎవరి పొలంలో నడవచ్చు

మనవాళ్లకి మొదట్లో బాగా జంకు ఉండేది ఇక్కడే, ఎవరిదో పొలం, గేటు తీసుకుని ఎలా వెళ్తాం అని. పబ్లిక్ ఫుట్‌పాత్ ఉంటే అది రోడ్డుతో సమానం, రైతుని అడగక్కర్లేదు, మీరు ఏ వీసా మీద ఉన్నా సరే. ఇంగ్లాండ్, వేల్స్ కలిపి ఇలాంటి దారులు ఇంచుమించు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. గేట్ల మీద, కట్టెల మీద బాణం గుర్తులు ఉంటాయి. పసుపు బాణం అంటే ఫుట్‌పాత్, నడకకి మాత్రమే. నీలం అంటే బ్రైడిల్‌వే, గుర్రాలు సైకిళ్లు కూడా రావచ్చు. ఎరుపు అంటే బైవే, బండ్లు కూడా వస్తాయి. తెల్ల బాణం ఉంటే ఆ దారి ఓనర్ మంచితనంతో వదిలింది, మూసే హక్కు ఆయనకి ఉంది. ఓక్ కాయ బొమ్మ ఉంటే అది నేషనల్ ట్రయల్, అంటే దేశం గుర్తించిన పొడుగాటి నడక దారి.

దారి పంట మధ్యలోంచి ఉంటే మధ్యలోంచే నడవండి, ఒకరి వెనక ఒకరు. చుట్టూ తిరిగి పక్క పంట తొక్కడం కన్నా అదే సరైన పద్ధతి. దున్నినా, పంట వేసినా దారిని మళ్లీ నడిచేలా చేయాల్సిన బాధ్యత రైతుది. ముళ్లకంప పడేసి దారి మూసేసి ఉంటే ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దు, ఫోటో తీసి ఆ కౌంటీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో రిపోర్ట్ చేస్తే వాళ్లు చూసుకుంటారు.

ఈ హక్కులు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రాత్‌మన్ అనే 20 ఏళ్ల కుర్రాడు ముందుండి మాంచెస్టర్ చుట్టుపక్కల ఫ్యాక్టరీ పనివాళ్లు కొన్ని వందల మందిని డెర్బీషైర్‌లో కిండర్ స్కౌట్ కొండ మీదికి నడిపించాడు. అప్పట్లో ఆ కొండ జమీందార్ల వేటకి మాత్రమే, మామూలు జనానికి ప్రవేశం లేదు. ఐదుగురిని జైల్లో పెట్టారు, దాంతో దేశమంతా జనం వాళ్ల వైపు తిరిగారు. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది, 1951లో అదే కొండ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ మొట్టమొదటి నేషనల్ పార్క్ అయింది, 2000లో ఇంకో చట్టంతో కొండలు, బీడు భూముల్లో దారి వదిలి కూడా తిరిగే హక్కు వచ్చింది, మ్యాపులో ఆ జాగాలు లేత పసుపు రంగులో ఉంటాయి. కార్మికులు జైలుకెళ్లి తెచ్చిన దారులు ఇవి, అందుకే వాటిని వాడటం కూడా ఒక గౌరవం అని నేను నమ్ముతా, నడవని దారులు మెల్లగా మాసిపోతాయి.

హక్కు నడవడానికే. టెంట్ వేసుకోడానికి భూమి ఓనర్ పర్మిషన్ కావాలి. డార్ట్‌మోర్‌లో కొన్ని చోట్ల మాత్రం కాలినడకన వెళ్లి రాత్రి ఉండొచ్చని 2025 మేలో సుప్రీం కోర్టు కూడా తేల్చింది.

బట్టలు, బూట్లు, తిండి

జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కుతుంది, ఆరదు, చలికి కాళ్లు కొయ్యబారిపోతాయి. మామూలు ట్రాక్ ప్యాంట్ నయం. పైన మూడు పొరలు, లోపల జిమ్ టీషర్ట్ లాంటిది, దాని మీద ఫ్లీస్, ఆ పైన వాన ఆపే జాకెట్, ఎండ ఉన్నా సరే జాకెట్ బ్యాగులో ఉండాల్సిందే. గొడుగు గాలికి నిలవదు. బూట్లు మొదటిసారికి కొత్తవి కొనక్కర్లేదు, వేసవిలో గ్రిప్ ఉన్న ట్రైనర్స్ చాలు, అక్టోబర్ తర్వాత మాత్రం వాటర్‌ప్రూఫ్ బూట్లు ఉండాలి. కొత్త బూట్లు కొంటే వారం రోజులు ఇంటి చుట్టూ వేసుకు తిరిగాకే నడకకి తీసుకెళ్లండి. షార్ట్స్ వేసుకోవాలనిపించినా పొడుగు ప్యాంటే మంచిది, దురదగొండిలా కుట్టే నెటిల్ మొక్కలు దారి పొడుగునా ఉంటాయి.

తిండి మన దగ్గరిదే తీసుకెళ్లండి. పులిహోరకి మించింది లేదు, చల్లారినా బాగుంటుంది, పాడవదు. చపాతీలో ఆలూ కూర చుట్టుకున్నా సరే. ఫ్లాస్క్‌లో టీ, మనిషికి లీటరున్నర నీళ్లు, కొంచెం బెల్లం వేరుశెనగ చిక్కీ. ఏవ్‌బరీలో కెఫే ఉంది గానీ నడక మొదలయ్యాక మధ్యలో ఏమీ దొరకదు. పబ్బులో తినాలనుకుంటే మధ్యాహ్నం వంట ఎన్నింటి వరకో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, చాలా పల్లె పబ్బుల్లో 2, 2:30 కల్లా వంటగది మూసేస్తారు, సాయంత్రం దాకా చిప్స్ ప్యాకెట్లే. పవర్ బ్యాంక్, చిన్న టార్చ్, చెత్తకి ఒక కవర్ మర్చిపోవద్దు. టార్చ్ ఎందుకో కింద చెప్తా.

ఇక నడక: ఏవ్‌బరీ చుట్టూ 10 కిలోమీటర్లు

బస్సు దిగగానే పెద్ద పెద్ద రాళ్లు కనిపిస్తాయి, మనసు అటే లాగుతుంది, కానీ వలయం చుట్టూ తిరగడం సాయంత్రానికి ఉంచమని నా సలహా, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. ముందు టాయిలెట్ పని చూసుకుని కార్ పార్క్ వైపు వెళ్లండి, దాని ఎదురుగా మెయిన్ రోడ్డు దాటితే చిన్న వాగు పక్కన దక్షిణానికి ఫుట్‌పాత్ మొదలవుతుంది. చలికాలంలో ఈ వాగు పొంగి దారి మీదికి వస్తుంది, వేసవిలో కొన్నిసార్లు ఎండిపోతుంది.

కాసేపటికే కుడిపక్క సిల్బరీ హిల్ కనిపిస్తుంది. చూడగానే గడ్డి మొలిచిన మామూలు గుట్ట అనుకుంటాం, కానీ అది మొత్తం మనుషులు పోసింది, సుమారు 30 మీటర్ల ఎత్తు, క్రీస్తుపూర్వం 2400 ప్రాంతంలో జింక కొమ్ములతో సుద్ద తవ్వి మోసుకొచ్చి పోశారు. ఐరోపాలో ఆ కాలపు మానవ నిర్మిత గుట్టల్లో ఇదే పెద్దది. లోపల రాజుగారి సమాధి, బంగారం ఉందని 1776లో పైనుంచి గొయ్యి తవ్వారు, 1849లో పక్కనుంచి సొరంగం తవ్వారు, 1968లో బీబీసీ కెమెరాల ముందు మళ్లీ తవ్వారు, సమాధి అయితే దొరకలేదు. ఆ తవ్వకాల వల్లే 2000లో పైభాగం కుంగి గొయ్యి పడింది, తర్వాత లోపలి ఖాళీలన్నీ సుద్దతో నింపి గట్టిచేశారు. అందుకే ఎక్కడం నిషేధం. కంచె దాటి ఎక్కేవాళ్లని చూసి మీరూ ఎక్కొద్దు, దయచేసి, ఒక్కో అడుగూ దాన్ని కొంచెం కొంచెం కోసేస్తుంది.

తర్వాత ఏ4 రోడ్డు వస్తుంది. అక్కడ సిగ్నల్ ఉండదు, కార్లు స్పీడుగా వస్తాయి, పిల్లలుంటే చేయి పట్టుకుని రెండు వైపులా చూసి దాటండి. అవతల గేటులోంచి దారి చిన్న వంతెన దాటి పొలాల మధ్య పైకి ఎక్కుతుంది, పైన వెస్ట్ కెన్నెట్ లాంగ్ బారో. ఇది క్రీస్తుపూర్వం 3650 ప్రాంతం నాటి సమాధి, అంటే పిరమిడ్ల కన్నా వెయ్యేళ్లు పాతది. దిబ్బ 100 మీటర్ల పొడుగు ఉన్నా గదులన్నీ తూర్పు చివరే, ముందు నిలబెట్టిన పెద్ద బండల పక్కనుంచి లోపలికి వెళ్లాలి. టికెట్ లేదు, కాపలా లేదు.

లోపలికి వెళ్లాక వెంటనే ఫోటోలు మొదలుపెట్టకుండా ఒక నిమిషం ఆగండి, కళ్లు చీకటికి అలవాటు పడనివ్వండి. ఐదు చిన్న గదులు ఉంటాయి, అటు రెండు ఇటు రెండు, చివర ఒకటి. సుమారు 36 మందిని ఇక్కడ ఉంచారు, ముసలివాళ్లు, పిల్లలు అందరూ ఉన్నారు, ఇదంతా ఒక తరం కాలంలోనే జరిగిందని ఈమధ్య చేసిన కార్బన్ డేటింగ్‌లో తేలింది. ఇప్పుడు టార్చ్ తీసి గోడకి పక్కనుంచి వెలుగు వేయండి, నేరుగా కాదు, ఏటవాలుగా. పెద్ద బండల మధ్య సందుల్లో చిన్న పలకరాళ్లు పేర్చి ఉంటాయి, అవి ఇక్కడి రాయి కాదు, పడమటి నుంచి మోసుకొచ్చిన సున్నపురాయి. రాళ్లలో ఒక దాని మీద అరచేయంత జాగా అద్దంలా నున్నగా తగులుతుంది, సమాధి కట్టకముందు ఆ బండ మీద రాతి గొడ్డళ్లు నూరుకున్న చోటు అది. వేలితో రాసి చూడండి, చుట్టూ గరుకు, అక్కడొక్కచోట నునుపు. అక్కడ జనం వదిలిన పూలు, రిబ్బన్లు కూడా ఉంటాయి, వాటిని కదపొద్దు, కొవ్వొత్తులు మాత్రం మీరు వెలిగించొద్దు, మంట తగిలితే రాయి పగులుతుంది.

బయటికొచ్చి దిబ్బ పక్కన గాలి తగలకుండా కూర్చుని తినడానికి మంచి చోటు, ఎదురుగా సిల్బరీ మొత్తం కనిపిస్తుంది. తర్వాత కిందికి దిగి గుట్ట అడుగున తూర్పు వైపు పోయే ఫుట్‌పాత్ పట్టుకోండి, గట్ల వెంట నడిచి ఈస్ట్ కెన్నెట్ అనే చిన్న ఊళ్లోంచి ఉత్తరానికి తిరిగితే వాగు దాటి మళ్లీ ఏ4 దగ్గరికి, ఓవర్టన్ హిల్ మీదికి వస్తారు. రోడ్డు పక్కన కాంక్రీటు దిమ్మెలు వలయాలుగా పాతి కనిపిస్తాయి, దాని పేరు శాంక్చువరీ. ఒకప్పుడు ఇక్కడ కొయ్య స్తంభాలు, రాళ్లు ఉండేవి, 1720ల్లో పొలం కోసం ఆ రాళ్లు పీకేశారు, అప్పుడు విలియం స్టూక్లీ అనే ఆయన ఇక్కడే ఉండి బొమ్మలు గీసి పెట్టుకోబట్టి కనీసం ఇక్కడ ఒకటి ఉండేదని మనకి తెలుసు.

మళ్లీ జాగ్రత్తగా రోడ్డు దాటితే రిడ్జ్‌వే మొదలు. ఇది ఇక్కడి నుంచి ఐవింగ్‌హో బీకన్ వరకు 139 కిలోమీటర్లు పోయే నేషనల్ ట్రయల్, 1973లో అధికారికంగా తెరిచారు గానీ గుట్టల వెన్ను మీద జనం ఎన్నో వందల ఏళ్లుగా నడుస్తున్న దారి. మనం రెండు కిలోమీటర్ల పైచిలుకే నడుస్తాం. పక్కన చెట్లు మొలిచిన గుండ్రటి దిబ్బలు కంచుయుగపు సమాధులు. కుడిపక్క ఫైఫీల్డ్ డౌన్ వైపు గడ్డిలో పడుకున్న గొర్రెల మందలా బూడిదరంగు బండలు కనిపిస్తాయి, వాటినే సార్సెన్ అంటారు, ఏవ్‌బరీ రాళ్లన్నీ ఈ చుట్టుపక్కల నుంచే వెళ్లాయి. దారి పొడుగునా లార్క్ పిట్ట పైనెక్కడో కనపడకుండా పాడుతూనే ఉంటుంది.

నాలుగు దారులు కలిసే చోట ఎడమకి, పడమర వైపు దిగే బైవే పట్టుకోండి, అదే గ్రీన్ స్ట్రీట్. ఇది నేరుగా ఏవ్‌బరీ వలయంలోకి తూర్పు గండిలోంచి తీసుకెళ్తుంది. వలయాన్ని సాయంత్రానికి ఉంచమంది ఇందుకే. బస్సులో వస్తే వలయం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది, ఇటు నుంచి నడిచి వస్తే ముందు మట్టి కట్ట గోడలా అడ్డొస్తుంది, దాని వెనక కందకం, ఆ గండిలోంచి దాటాకే ఒక్కసారిగా లోపలి మైదానం, రాళ్లు తెరుచుకుంటాయి. కందకం తవ్వినప్పుడు ఇప్పటి కన్నా ఎంతో లోతు, దాదాపు 9 మీటర్లు, మిగతాదంతా పూడిపోయింది.

వలయం లోపల చూడాల్సినవి చాలా ఉన్నాయి గానీ రెండిటి దగ్గర మాత్రం తప్పక ఆగండి. ఉత్తరం గండి దగ్గర వజ్రం ఆకారంలో మూల మీద నిలబడ్డ స్విండన్ స్టోన్, 60 టన్నుల పైనే ఉంటుందని అంచనా, కట్టినప్పటి నుంచీ ఒక్కసారి కూడా పడని కొద్ది రాళ్లలో ఒకటి. రెండోది నైరుతి వైపు బార్బర్ స్టోన్. 14వ శతాబ్దంలో ఊరివాళ్లు ఈ రాళ్లని గోతులు తీసి పాతిపెట్టారు. 1938లో ఈ రాయిని పైకి తీస్తే కింద ఒక మనిషి అస్థిపంజరం, పక్కన కత్తెర, వైద్యులు వాడే సన్న కత్తి లాంటిది, ఆ కాలపు నాణేలు దొరికాయి, క్షురక వైద్యుడు అయ్యుంటాడని ఆ పేరు పెట్టారు. తవ్వించింది అలెగ్జాండర్ కీలర్, మార్మలేడ్ వ్యాపారంతో వచ్చిన ఆస్తి పెట్టి 1930ల్లో ఊళ్లో చాలా భాగం కొని, పాతిన రాళ్లు లేపి నిలబెట్టి, పూర్తిగా పోయిన రాళ్ల చోట కాంక్రీటు గుర్తులు పెట్టించాడు. మిగతావి ఏమయ్యాయంటే ఊరి ఇళ్ల గోడలు చూడండి, 17, 18 శతాబ్దాల్లో మంట పెట్టి నీళ్లు పోసి పగలగొట్టి కట్టుకున్నారు.

మ్యూజియంకి టికెట్ ఉంది, త్వరగా మూస్తారు కాబట్టి టైమ్ ముందే చూస్కోండి. ఓపిక, వెలుతురు మిగిలితే దక్షిణం గండి నుంచి జంటలుగా రాళ్లు నిలబడ్డ వెస్ట్ కెన్నెట్ అవెన్యూ వెంట కాసేపు నడిచి రండి.

ఊరి చర్చి దాటి పోవద్దు

ఏ పల్లెకి వెళ్లినా చర్చి తలుపు ఒకసారి తోసి చూడండి, పగలు చాలావరకు తెరిచే ఉంటాయి, ఏ మతం వాళ్లయినా వెళ్లొచ్చు, ప్రార్థన జరుగుతుంటే మాత్రం బయట ఆగండి. కాలం గుర్తుపట్టడం సులువే, కిటికీ, తలుపుల పైభాగం గుండ్రంగా ఉంటే నార్మన్లది (1066 నుంచి ఇంగ్లాండ్‌ని ఏలినవాళ్లు) లేదా ఇంకా ముందుది, కోసుగా ఉంటే 1200 తర్వాతది. ఏవ్‌బరీ సెయింట్ జేమ్స్ చర్చిలో నార్మన్ల కన్నా ముందున్న సాక్సన్ల కాలపు గుండ్రటి చిన్న కిటికీలు, నార్మన్ బాప్టిజం తొట్టి రెండూ ఉన్నాయి. వెళ్లేటప్పుడు డబ్బాలో ఒకటో రెండో పౌండ్లు వేయండి, ఆ పైకప్పు నిలబడేది వాటితోనే.

ఆవులు, గేట్లు, పేలు

గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, మూసి ఉంటే మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, పశువుల నీళ్ల కోసం కావాలని తెరిచి ఉండొచ్చు.

ఇక్కడి ఆవులు మన ఊరి ఆవుల్లాంటివి కాదు, మనుషులకి అలవాటు తక్కువ, మందగా ఉంటాయి, ముఖ్యంగా దూడలున్న తల్లులు మీద పడే ప్రమాదం ఉంది. ఆవుకీ దూడకీ మధ్యలోంచి నడవద్దు, పరిగెత్తొద్దు, గట్టు పక్కగా నెమ్మదిగా చుట్టూ తిరిగి వెళ్లండి. మీతో కుక్క ఉండి ఆవులు తరిమితే తాడు వదిలేయండి, అవి వచ్చేది కుక్క కోసం, అది తప్పించుకోగలదు.

పొడుగు గడ్డి, ఫెర్న్ పొదల్లో చిన్న పేలలాంటి టిక్స్ ఉంటాయి, వాటి వల్ల లైమ్ జబ్బు రావచ్చు. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, నడుము, పిల్లలకైతే తల వెంట్రుకల అంచులు చూడండి, కనిపిస్తే సన్న ట్వీజర్స్‌తో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగేయండి. తర్వాతి వారాల్లో గుండ్రంగా పెరిగే ఎర్ర మచ్చ వస్తే ఆలస్యం చేయకుండా మీ జీపీ డాక్టర్‌కి చెప్పండి.

ఆపద వస్తే 999 లేదా 112. కొండల్లో అయితే పోలీస్‌ని అడిగి, వాళ్లని మౌంటెన్ రెస్క్యూ పిలవమనాలి, వాళ్లంతా వాలంటీర్లు, డబ్బు తీసుకోరు. కాల్ వెళ్లనంత సిగ్నల్ తక్కువ ఉంటే మెసేజ్ పంపొచ్చు, దానికి ముందే 999కి రిజిస్టర్ అనే మాటని ఇంగ్లిష్‌లో మెసేజ్ చేసి నమోదు చేసుకోవాలి, ఇవాళే ఇంట్లో కూర్చుని చేసేయండి. విజిల్ ఉంటే నిమిషానికి ఆరుసార్లు ఊదడం సహాయం గుర్తు.

ఏవ్‌బరీ తర్వాత

అమ్మానాన్న ఊరి నుంచి వస్తే 10 కిలోమీటర్లు నడిపించొద్దు. వలయం, అవెన్యూలో కొంచెం చూపించి, అదే 49 బస్సులో డివైజెస్ వెళ్లండి, కెనెట్ అండ్ ఏవన్ కాలువ మీద కేన్ హిల్ లాకులు ఉన్నాయి, 29 లాకులతో పడవలు గుట్ట ఎక్కే ఏర్పాటు, 1810 నాటిది, పక్కన నడిచే దారి వెడల్పుగా బాగుంటుంది, ఆగి పడవలు ఎక్కడం చూస్తూ కూర్చోవచ్చు. వాళ్లు రెండు వారాలు కోటలు, మఠాలు తిరగాలనుకుంటే ఇంగ్లిష్ హెరిటేజ్‌లో విదేశీ సందర్శకుల పాస్ 9 రోజులకి, 16 రోజులకి దొరుకుతుంది. మీకు మెంబర్‌షిప్ తీసుకోవాలా అంటే, ఇంగ్లిష్ హెరిటేజ్ చేతిలో కోటలు, శిథిలాలు 400 పైన ఉన్నాయి, నేషనల్ ట్రస్ట్‌వి పెద్ద బంగళాలు, తోటలు, సముద్ర తీరాలు, మీకు ఏది ఇష్టమో చూసుకుని ఒక్కటే తీసుకోండి, చిన్న వయసువాళ్లకి రెండిట్లోనూ తక్కువ రేటు ఉంటుంది. సెప్టెంబర్‌లో హెరిటేజ్ ఓపెన్ డేస్ అని మామూలుగా టికెట్ ఉండేవి, అసలు తెరవనివి కూడా ఫ్రీగా చూపిస్తారు, కొన్నిటికి ముందే బుక్ చేసుకోవాలి.

రెండో నడకకి కారు దొరికితే రిడ్జ్‌వే మీదే ఉన్న అఫింగ్టన్ తెల్లగుర్రం, 110 మీటర్ల బొమ్మ, దాదాపు 3,000 ఏళ్ల కిందట గుట్ట మీద గాడి తవ్వి సుద్ద నింపి గీశారు, ఇప్పటికీ వాలంటీర్లు సుత్తులతో సుద్ద కొట్టి నింపుతుంటారు, లేకపోతే గడ్డి కమ్మేస్తుంది. గుర్రం దగ్గర నుంచి వేలాండ్స్ స్మితీ అనే సమాధి వరకు రిడ్జ్‌వే మీద రానూపోనూ అయిదు కిలోమీటర్లలోపే.

మూడు రోజుల సెలవు దొరికితే ఉత్తరాన హేడ్రియన్ గోడ. క్రీస్తుశకం 122లో రోమన్లు మొదలుపెట్టింది, తీరం నుంచి తీరానికి 73 మైళ్లు. మొత్తం నడవక్కర్లేదు, స్టీల్ రిగ్ నుంచి హౌస్‌స్టెడ్స్ కోట దాకా ఉన్న ముక్క అన్నిటికన్నా బాగుంటుంది, ఎత్తుపల్లాలు ఎక్కువ కాబట్టి మంచి బూట్లు ఉండాలి, గోడ మీద మాత్రం ఎక్కొద్దు. 2023 సెప్టెంబర్‌లో ఇద్దరు నరికేసిన, ఎంతో పేరున్న సైకమోర్ చెట్టు మొదలు ఈ దారిలోనే ఉంది, దాన్నుంచి మళ్లీ చిగుళ్లు వచ్చాయి. అక్కడికి హెక్సమ్, హాల్ట్‌విజిల్ రైల్వే స్టేషన్ల నుంచి ఏడీ122 నంబర్ బస్సు ఉంది, కానీ అది సీజన్‌లోనే నడుస్తుంది, హోటల్ బుక్ చేసేముందే ఆ బస్సు తేదీలు చూస్కోండి.